డోపమీన్ ఆగితే ప్రోలాక్టిన్ కారాలి: పిట్యూటరీ నమూనా, ప్రాజెక్టు డైరీ

మెదడు కింద వేలాడే పిట్యూటరీ గ్రంథి పనిని నీళ్ళతో చూపించే ఈ నమూనా చేయాలనుకునేవాళ్ళు ముందుగా ఒక్క షరతు కాగితం మీద రాసి గోడకు అంటించుకోండి. డోపమీన్ (మెదడులోని నరాలు వదిలే రసాయనం) చుక్కలు పడుతున్నంతసేపూ ప్రోలాక్టిన్ (పిట్యూటరీ వదిలే, పాలు తయారు చేయించే హార్మోను) పైపు మూసుకుని ఉండాలి. చుక్కలు ఆగితే ఆ పైపు దానంతటదే తెరుచుకోవాలి. నేను ఈ షరతు రాసుకోకుండానే సామాను కొన్నాను. రెండు వారాలు, వెయ్యి రూపాయలు అట్లా పోయాయి. ఇంకొకరికి అవి పోకూడదని ఈ డైరీ.

తిరుపతిలో ఒక నర్సింగ్ కాలేజీలో ఫిజియాలజీ చెప్తాను. ఏటా పరీక్షలో పిల్లలు ఒకే చోట తప్పు రాస్తారు. "డోపమీన్ ప్రోలాక్టిన్‌ను విడుదల చేయిస్తుంది" అని. వాళ్ళ తప్పేం లేదు. పిట్యూటరీ ముందు భాగంలోని మిగతా హార్మోన్లన్నీ పైనుంచి 'వదులు' అని ఆజ్ఞ వస్తేనే వస్తాయని ముందు పాఠంలో చెప్తాం. ప్రోలాక్టిన్‌ను వదిలే కణాలు అట్లా కాదు. ఎవరూ చెప్పకుండానే వాటిలో విద్యుత్తు కొట్టుకుంటూ ఉంటుంది, కాల్షియం లోపలికి వస్తూ ఉంటుంది, హార్మోను కారుతూ ఉంటుంది. మెదడు చేసే పనల్లా దాన్ని ఆపి ఉంచడమే. ఆ ఆపే చెయ్యి డోపమీన్. బొమ్మ గీసి చెప్తే తల ఊపుతారు, వారానికి మర్చిపోతారు. అందుకే నీళ్ళతో చేసి చూపిద్దామనుకున్నా.

దశ 1: ఐదు లీటర్ల టబ్బు (పనికిరాలేదు)

జూన్ 3. సెలైన్ స్టాండు కాలేజీ స్కిల్ ల్యాబ్‌లో పాతది దొరికింది. రుయా ఆసుపత్రి ఎదుటి వీధిలో సెలైన్ సెట్లు నాలుగు కొన్నా. మామూలు సెట్టు, 20 చుక్కలకు 1 మిల్లీలీటరు. పిల్లలకు చుక్కలు లెక్కపెట్టడం ఎలాగూ వచ్చు కాబట్టి కొలతకు వేరే పరికరం అవసరం లేదు.

చేసింది ఇది:

1. ఐదు లీటర్ల టబ్బులో నీళ్ళు. పెద్ద మనిషి ఒంట్లో రక్తం దాదాపు అంతే.
2. పైన సీసాలో ఎర్ర రంగు నీళ్ళు. ఇది డోపమీన్.
3. టబ్బు మధ్యలో చిన్న గిన్నె. ఇది పిట్యూటరీ.
4. నిమిషానికి 60 చుక్కలు, అంటే 3 మిల్లీలీటర్లు.

పది నిమిషాలకు 30 మిల్లీలీటర్ల రంగు పడింది. గిన్నె దగ్గర ఎరుపు లేనే లేదు, టబ్బంతా లేత గులాబి. పిట్యూటరీకి ఏం తెలిసినట్టు? రంగు ఇంకా చిక్కగా కలిపి చూశా, అంతే. కపిలతీర్థం కోనేట్లో గ్లాసుడు పసుపు నీళ్ళు పోసి గట్టు మీదివాళ్ళను రంగు చూడమన్నట్టు ఉంది.

అదే 5 మిల్లీలీటర్ల రంగును 60 మిల్లీలీటర్ల గ్లాసులో పోస్తే చిక్కటి ఎరుపు. అప్పుడు అర్థమైంది, టబ్బే అక్కర్లేదు. ఒంట్లోనూ ఈ ఏర్పాటు ఇందుకే ఉంది. పిట్యూటరీకి సరిగ్గా పైనుండే మెదడు భాగం హైపోథాలమస్. దాని అడుగున మీడియన్ ఎమినెన్స్ అనే చోట నరాల కొసలు డోపమీన్‌ను సన్నటి రక్తనాళాల్లోకి వదులుతాయి. ఆ నాళాలు గుండెకు పోయి తిరిగి రావు, పిట్యూటరీని మెదడుకు కలిపే కాడ వెంట నేరుగా కిందికి దిగి పిట్యూటరీలో మళ్ళీ చీలిపోతాయి. పోర్టల్ నాళాలు అంటాం. అర గ్రాము బరువుండే గ్రంథికి సొంత కాలువ అన్నమాట. ఒళ్ళంతా పంచితే కనపడనంత కొంచెం మందు ఇక్కడ మాత్రం చిక్కగా చేరుతుంది.

ఇంకో పొరపాటు కూడా రాస్తున్నా. పోర్టల్ గొట్టం మీద అంటించిన బాణం పైకి చూపిస్తోంది. రెండు రోజులు ఎవరమూ చూడలేదు. ఇదే ప్రశ్న మీద ఒకప్పుడు శాస్త్రవేత్తలే ఏళ్ళ తరబడి వాదించుకున్నారు. 1930లో ఈ నాళాలను వర్ణించిన పోపా, ఫీల్డింగ్ రక్తం కింది నుంచి పైకి పోతుందనుకున్నారు. 1949లో గ్రీన్, హారిస్ బతికున్న ఎలుకలో నాళాలను నేరుగా చూసి, రక్తం కిందికే దిగుతోందని తేల్చారు. దిశ తేలకపోతే మెదడు పిట్యూటరీని నడుపుతుందనే మాటకే ఆధారం లేదు. బాణాలు అంటించాక ఒకసారి వేలు పెట్టి చూసుకోండి.

మార్చింది: టబ్బు తీసేశా. డోపమీన్ సీసా నుంచి నేరుగా చిన్న గిన్నెలోకి ఒకే గొట్టం.

ఇప్పటిదాకా: ఖర్చు 310 రూపాయలు. 5 గంటలు.

దశ 2: ఆర్వో వాల్వు (తిరకాసు పని చేసింది)

జూన్ 8. ప్రోలాక్టిన్ పైపును మూసి తెరవడానికి కరెంటు వాల్వు పెడదామనుకున్నా. లీలామహల్ సర్కిల్ వైపు ఆర్వో స్పేర్లు అమ్మే కొట్లో 24 వోల్టుల సొలినాయిడ్ వాల్వు 280, అడాప్టరు 350, కనెక్టర్లు 60.

మొదటిది నీళ్ళే వదల్లేదు. ఆర్వోలో మోటారు ప్రెషరు ఉంటుంది, నా దగ్గర ఉన్నది మీటరు ఎత్తున వేలాడే సీసా. ఆ కొట్టతను పెద్దమనసుతో మార్చి ఇచ్చాడు. "ప్రెషరు లేకపోయినా తెరుచుకునేది వేరే ఉంటాది మేడమ్, ఊది చూసుకోండి" అని కరెంటు పెట్టి నోటితో ఊదించాడు. ఈ పరీక్ష కొట్లోనే చేయించుకోండి.

రెండోది నీళ్ళు వదిలింది. బిగించి, "డోపమీన్" అని రాసిన స్విచ్చు వేశా. ప్రోలాక్టిన్ ధారగా కారింది. స్విచ్చు తీశా. ఆగిపోయింది.

సరిగ్గా తలకిందులు. ఏ తప్పును పోగొట్టాలని మొదలుపెట్టానో ఆ తప్పే నమూనాలో నిలబడి ఉంది.

స్విచ్చు మీద రాతలు మార్చేస్తే సరిపోతుంది కదా అని ఒక సహోద్యోగి అన్నారు. 'డోపమీన్ లేదు' అన్నప్పుడు కరెంటు వెయ్యడం. అట్లా ఒక రోజు నడిపా. మధ్యాహ్నం కరెంటు పోయింది. అన్నీ ఆగిపోయాయి, ప్రోలాక్టిన్‌తో సహా. ఒంట్లో అట్లా జరగదు. పిట్యూటరీ కాడ తెగితే పైనుంచి వచ్చే డోపమీన్ కూడా తెగుతుంది, ప్రోలాక్టిన్ పెరుగుతుంది. 1954లో ఎవరెట్ అనే శాస్త్రవేత్త ఎలుకల పిట్యూటరీని తీసి మూత్రపిండం పొర కింద నాటాడు. మెదడుతో సంబంధం పూర్తిగా తెగింది, మిగతా హార్మోన్ల పని పడిపోయింది, ప్రోలాక్టిన్ పని మాత్రం సాగుతూనే ఉంది. ఏ దిక్కూ లేనప్పుడు ఏం జరుగుతుందో, ఆ గ్రంథి స్వభావం అది. నా వాల్వుకు కరెంటు లేనప్పుడు మూసుకునే స్వభావం. రాతలు మారిస్తే స్వభావం మారదు.

కొట్టతన్ని అడిగా, తెరుచుకునే ఉండే వాల్వు ఉందా అని. "ఆర్వోకి అట్లాటిది ఎవరు వాడతారు మేడమ్, కరెంటు పోతే ఇల్లంతా నీళ్ళయిపోవా" అన్నాడు. నాకు కావాల్సింది ఆ ఇల్లే.

ఈ వాల్వు పారెయ్యలేదు. దశ 5లో దాని అసలు చోటు దొరికింది.

ఇప్పటిదాకా: ఖర్చు 1,000 రూపాయలు. 11 గంటలు.

దశ 3: స్కేలు, సైకిల్ పుల్ల, సిరంజి (ఇదే నిలిచింది)

జూన్ 15. కరెంటు పూర్తిగా వదిలేశా. పైపును బరువుతో నొక్కాలి, బరువు డోపమీన్‌దే అయ్యుండాలి.

ముందు ఎంత బరువు కావాలో కొలిచా. సెలైన్ సెట్టు పైపు గట్టిది, దాని మీద 900 గ్రాములు పెట్టినా చుక్కలు ఆగలేదు. మెత్తటి లాటెక్స్ పైపు మీటరు 60కి తెచ్చా. దాని మీద అడ్డంగా సైకిల్ పుల్ల పెట్టి, పుల్లకు వంటింటి త్రాసు గుండ్లు వేలాడదీశా. 180 గ్రాముల దగ్గర ధార ఆగింది.

నూట ఎనభై గ్రాముల నీళ్ళు చుక్కలుగా పడాలంటే పిల్లలు ఇళ్ళకు పోతారు. అందుకే మీట.

1. 30 సెంటీమీటర్ల స్టీలు స్కేలు. 10 దగ్గర రంధ్రం, అందులో ఇరుసుగా సైకిల్ పుల్ల ముక్క.
2. ఇరుసుకు 3 సెంటీమీటర్ల దూరంలో స్కేలు కింద లాటెక్స్ పైపు, దాని కింద చెక్క దిమ్మ.
3. అదే వైపు, ఇరుసుకు 18 సెంటీమీటర్ల దూరంలో, 50 మిల్లీలీటర్ల సిరంజి గొట్టం నిలువుగా వేలాడుతుంది. పిస్టన్ తీసెయ్యాలి.
4. రెండో కొసకు సిరంజి సొంత బరువును సరిచేసే నట్లు. ఖాళీ సిరంజితో స్కేలు అడ్డంగా నిలవాలి.

18ని 3తో భాగిస్తే 6. 180 గ్రాములకు బదులు 30 గ్రాములు చాలు. అంటే సిరంజిలో 30 మిల్లీలీటర్లు నిండితే పైపు మూసుకుంటుంది.

ఇంకొకటి మిగిలింది. డోపమీన్ పడటం ఆగాక సిరంజి ఖాళీ అవ్వాలి. ఒంట్లోనూ డోపమీన్ ఒకచోట కూర్చోదు, రక్తం దాన్ని కడిగేస్తూ ఉంటుంది. నరాలు ఎప్పటికప్పుడు కొత్తది వదులుతుంటేనే ఆజ్ఞ నిలుస్తుంది. సిరంజి మూతికి సూది తగిలిస్తే సరి, అదే కారే దారి. ఏ సూది అన్నదాని దగ్గర మూడు రోజులు పోయాయి. అన్నిట్లోనూ నిమిషానికి 60 చుక్కలే:

నీలం సూది, 23 నంబరు. చాలా సన్నం. సిరంజి నిండి పొర్లింది. చుక్కలు ఆపాక పైపు తెరుచుకోవడానికి 36 నిమిషాలు పట్టింది. పీరియడే 50 నిమిషాలు.

పసుపు సూది, 20 నంబరు. వచ్చింది వచ్చినట్టే పోయింది. నీటిమట్టం 6 మిల్లీలీటర్లు దాటలేదు, పైపు మూసుకోనే లేదు.

ఆకుపచ్చ సూది, 21 నంబరు, ఒకటిన్నర అంగుళం పొడవు. మట్టం 41 దగ్గర నిలబడింది. చుక్కలు ఆపితే 4 నిమిషాలకు 30 కిందికి దిగింది. స్కేలు కొస కొంచెం లేచింది, అంతే, కంటికి ఆననంత. పైపు నోటి దగ్గర ఒక చుక్క ఉబ్బి వేలాడి తెగింది. దాని వెనకే ఇంకోటి, ఆ తర్వాత సన్నటి ధార. పూర్తిగా తెరుచుకున్నాక నిమిషానికి 48 మిల్లీలీటర్లు. ఆ మొదటి చుక్క తెగిన రోజు జూన్ 19. స్కిల్ ల్యాబ్‌లో నేనొక్కదాన్నే ఉన్నా, సాయంత్రం ఐదున్నర.

చిట్కా: ఖాళీ సిరంజిని చుక్కలతోనే నింపాలంటే అరగంట దాటుతుంది. క్లాసుకు ముందే చేత్తో 30 మిల్లీలీటర్లు పోసి ఉంచండి.

ఒక లోపం మాత్రం పోలేదు. పైపు మూసుకున్నా నిమిషానికి నాలుగు చుక్కలు కారుతూనే ఉన్నాయి. దిమ్మను గీకాను, పుల్ల మార్చాను. చివరికి ఒక విద్యార్థిని, "మేడమ్, మగవాళ్ళలో కూడా ప్రోలాక్టిన్ కొంచెం ఉంటుందని మీరే చెప్పారు కదా, అది ఇదే అనుకుందాం" అంది. నిజమే. ఆడవాళ్ళలో, మగవాళ్ళలో, ఎప్పుడూ అది సున్నా కాదు. దిమ్మను వదిలేశా. నాలుగు చుక్కలు ఇప్పుడు నమూనాలో భాగం.

ఇప్పటిదాకా: ఖర్చు 1,295 రూపాయలు. 25 గంటలు.

దశ 4: పాలు, ఉప్పునీళ్ళు, ఎక్స్‌రే ముక్క

జూన్ 22. ప్రోలాక్టిన్ సీసాలో తెల్లటిదేదైనా ఉంటే బాగుంటుందని పాలు పోశాం. ఈ ఎండలకు సాయంత్రానికి విరిగి పైపు నొక్కే చోట గడ్డ కట్టాయి. సుద్దపొడి అడుగున పేరుకుంది. చివరికి లీటరు నీళ్ళలో రెండు మూతల డెట్టాల్. నీళ్ళు పాలలా తెల్లబడతాయి, విరగవు, పేరుకోవు. సీసా మీద 'తాగరాదు' అని పెద్దక్షరాలతో రాయండి. రెండు వారాలకు లాటెక్స్ పైపు జిగటగా మారింది, సిలికాన్ పైపు వేశా. దానికి మూతబడే బరువు మళ్ళీ కొలుచుకోవాలి. నాకు 180కి దగ్గరగానే వచ్చింది.

జూలై 1. పొద్దున్నే చూస్తే డోపమీన్ సిరంజి పొర్లి బల్లంతా ఎరుపు. ఆకుపచ్చ సూది మూసుకుపోయింది. మా బోరు నీళ్ళలో ఉప్పు ఎక్కువ, కుళాయిల మూతులకు తెల్లగా పేరుకునేదే సూదిలోనూ పేరుకుంది. డిస్టిల్డ్ వాటర్ క్యాను తెచ్చా, ఐదు లీటర్లు 100. వారానికోసారి సూది మార్చడం అలవాటు చేసుకున్నాం.

ఇక నేను ఈ పని మొదలుపెట్టిన కారణం.

మా చెల్లెలు చిత్తూరులో ఉంటుంది. రెండేళ్ళ కిందట దానికి ఛాతీలోంచి పాలు రావడం మొదలైంది. చిన్నబిడ్డ అప్పటికే ఆరేళ్ళవాడు. నెలసరి తప్పింది, గర్భం కాదు. ఇంట్లో ఒకరు ఒకటి, పక్కింట్లో ఒకరు ఇంకొకటి. నాకు ఫోన్ చేసి "అక్కా, తలలో గడ్డేమో అంటున్నారే" అని ఏడ్చింది. ప్రోలాక్టిన్ 118 వచ్చింది. 25 లోపు ఉండాలి. మొదట చూపించిన చోట ఏం మందులు వాడుతున్నావని అడగకుండానే మెదడు స్కాన్‌కు తేదీ ఇచ్చారు. తర్వాత చూసిన డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్నే అది. గ్యాస్‌కని పరగడుపున వేసుకునే క్యాప్సూల్ నాలుగు నెలలుగా సొంతంగా కొనుక్కుని మింగుతోంది. అందులో పాంటోప్రజోల్‌తో పాటు డాంపెరిడోన్ ఉంది. మాన్పించారు. వారం తర్వాత చూస్తే 16.

ఫిజియాలజీ చెప్పే నాకు అది తట్టలేదు. ఆ సంగతి ఇప్పటికీ గుచ్చుతుంది.

డాంపెరిడోన్ డోపమీన్‌ను తగ్గించదు. కణం మీద డోపమీన్ కూర్చునే కుర్చీ ఒకటి ఉంటుంది, డి2 గ్రాహకం అంటాం. దాని మీద తాను కూర్చుంటుంది. మామూలుగా డోపమీన్ అక్కడ కూర్చోగానే కణంలోంచి పొటాషియం బయటికి పోయే దారులు తెరుచుకుంటాయి, సైక్లిక్ ఏఎంపీ అనే కణం లోపలి సందేశ రసాయనం తగ్గుతుంది, కాల్షియం రావడం తగ్గుతుంది, హార్మోను ఆగుతుంది. ఆ కుర్చీ ఖాళీ లేకపోతే చుక్కలు పడుతున్నా ఫలం లేదు. రక్తానికీ మెదడుకూ మధ్య ఉండే అడ్డుగోడను దాటి ఈ మందు మెదడులోకి పెద్దగా పోదు, అందుకే మత్తూ వణుకూ అరుదు. కానీ పిట్యూటరీ ఆ అడ్డుగోడకు బయట ఉంది, అక్కడికి సులభంగా చేరుతుంది. వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్, మానసిక వైద్యంలో వాడే హాలోపెరిడాల్, రిస్పెరిడోన్ కూడా ప్రోలాక్టిన్‌ను పెంచేది ఈ దారినే. మానసిక మందులు వాడేవాళ్ళు మాత్రం ఇది చదివి సొంతంగా మానెయ్యకండి. రాసిన డాక్టరుకు చెబితే మోతాదు తగ్గించడమో, మందు మార్చడమో వాళ్ళే చూస్తారు.

దీన్ని నమూనాలో పెట్టడానికి ముందు సిరంజి నోటి మీద సీసా మూత ఉంచా. చుక్కలు మూత మీద పడి చింది, మూడో వంతు లోపలికే పోయాయి. తర్వాత పాత ఎక్స్‌రే ఫిల్మ్ ముక్క, అరచెయ్యంత, ఏటవాలుగా. చుక్కలన్నీ దాని మీద జారి బయటి గిన్నెలో పడ్డాయి. పిల్లలకు అన్నిటికన్నా ఇది బాగా ఎక్కింది. పైన చుక్కలు 60కి 60 పడుతూనే ఉన్నాయి, ఏదీ తగ్గలేదు, అయినా నాలుగు నిమిషాలకు తెల్లధార మొదలైంది.

దానికి విరుగుడు కూడా చూపించొచ్చు. నాలుగు పది రూపాయల నాణేలు ప్లాస్టిక్ సంచిలో కట్టి సిరంజి పక్కనే స్కేలుకు తగిలించాలి. ఒక్కోటి సుమారు 7.7 గ్రాములు, మొత్తం 30 దాటుతుంది. డోపమీన్ చుక్క కూడా లేకుండానే పైపు మూసుకుంటుంది. కాబెర్గోలిన్, బ్రోమోక్రిప్టిన్ చేసేది ఇదే, డోపమీన్ కుర్చీలో కూర్చుని డోపమీన్ పనే చేస్తాయి. ప్రోలాక్టిన్ గడ్డలకు చాలామందికి ఆపరేషన్ కన్నా ముందు మాత్రలు ఇచ్చేది అందుకే. కాబెర్గోలిన్ ఒంట్లో ఎక్కువకాలం నిలుస్తుంది కాబట్టి వారానికి ఒకటి రెండుసార్లు వేసుకుంటే సరిపోతుంది.

ఇప్పటిదాకా: ఖర్చు 1,625 రూపాయలు. 32 గంటలు.

దశ 5: ఆర్వో వాల్వుకు దాని చోటు

జూలై 9. మూల పడి ఉన్న వాల్వును చూస్తుంటే తోచింది. ఆజ్ఞ వస్తే తెరుచుకుని, రాకపోతే మూసుకునేది తప్పు వాల్వేం కాదు. ప్రోలాక్టిన్‌కు తప్పు, మిగతా ఐదింటికీ ఒప్పు. థైరాయిడ్‌ను నడిపే టీఎస్‌హెచ్‌ను తీసుకుంటే, పైన హైపోథాలమస్ నుంచి టీఆర్‌హెచ్ అనే ఆజ్ఞ దిగితేనే అది వస్తుంది. ఆ టీఆర్‌హెచ్ నిర్మాణాన్ని 1969లో గియ్యెమాన్, షాలీ బృందాలు విడివిడిగా తేల్చాయి, ఒకరు గొర్రెల మెదళ్ళ నుంచి, ఇంకొకరు పందుల మెదళ్ళ నుంచి. లక్షల మెదళ్ళు వాడితే మిల్లీగ్రాముల్లో దొరికింది. 1977లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

బిగింపు ఇట్లా:

1. పాత వాల్వు పచ్చరంగు నీళ్ళ పైపు మీద. పైపు పేరు టీఎస్‌హెచ్.
2. అట్లాంటిదే ఇంకో వాల్వు కొని, 320, డోపమీన్ సీసా కింద.
3. రెండిటికీ ఒకే అడాప్టరు, ఒకే స్విచ్చు. స్విచ్చు మీద 'కాడ' అని రాత.

స్విచ్చు తీస్తే కాడ తెగినట్టు. పచ్చధార వెంటనే ఆగుతుంది. డోపమీన్ కూడా ఆగుతుంది, సిరంజి దిగడం మొదలవుతుంది, నాలుగు నిమిషాలకు తెల్లధార. ఒకే కోతకు ఒకటి తగ్గడం, ఒకటి పెరగడం.

జూలై 11, రెండో పీరియడ్. క్లాసు మధ్యలో నిజంగానే కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగాయి. నేను ఇన్వర్టరు కోసం అటెండర్‌ను పిలవబోతుంటే వెనక బెంచీలోంచి "మేడమ్, ఆగండి, చూడండి" అని ఒక అమ్మాయి లేచింది. పచ్చ పైపు ఆగి ఉంది. అరవై మంది నాలుగు నిమిషాలు చెమటలు కక్కుతూ కదలకుండా ఆ స్కేలు కొసను చూశారు. తెల్ల చుక్క తెగింది. నేను ఒక్క మాట చెప్పాల్సిన అవసరం రాలేదు.

లేబుళ్ళ దగ్గర ఒక దిద్దుబాటు. మొదట సెరొటోనిన్, నార్‌అడ్రినలిన్, గాబా అనే ఇతర నరాల రసాయనాల పేర్లన్నీ సిరంజి మీదే అంటించా. సీనియర్ మేడమ్ ఒకరు చూసి తీయించారు. వాటి పని ఎక్కువగా ఒక మెట్టు పైన, హైపోథాలమస్ నరాల మీద. సెరొటోనిన్ ప్రోలాక్టిన్‌ను పెంచే వైపు నెడుతుంది, నార్‌అడ్రినలిన్ సీఆర్‌హెచ్ అనే ఆజ్ఞను పంపే నరాలను తట్టి, అడ్రినల్ గ్రంథిని నడిపే ఏసీటీహెచ్‌ను పెంచుతుంది. డోపమీన్ ఒక్కటే ఇక్కడ పోర్టల్ రక్తంలో దిగి పిట్యూటరీని స్వయంగా పట్టుకుంటుంది, నరాల రసాయనమే హార్మోను పని చేసే చోటు ఇది. ఇప్పుడు ఆ పేర్లు సీసా కింది రోలర్ క్లాంపు దగ్గర ఉన్నాయి, చుక్కల వేగాన్ని మార్చే వేళ్ళలాగా. బిడ్డ పాలు తాగేటప్పుడు జరిగేదీ అక్కడే చూపిస్తా. క్లాంపు కొంచెం తిప్పి 60ని 20కి దించితే తెల్లధార మొదలవుతుంది. పాలు బయటికి చిమ్మించే ఆక్సిటోసిన్ వేరే సంగతి. అది పిట్యూటరీ వెనక భాగంలో నరాల కొసల నుంచి నేరుగా రక్తంలో పడుతుంది, పోర్టల్ కాలువతో పని లేదు. దాన్ని ఈ చెక్క మీద ఇరికించలేదు, బోర్డు మీద గీస్తా.

ఇప్పటిదాకా: ఖర్చు 1,965 రూపాయలు. 40 గంటలు.

దశ 6: జీఎన్‌ఆర్‌హెచ్ తడవలు (సగంలో ఉంది)

జూలై 16 నుంచి. హైపోథాలమస్ పంపే ఇంకో ఆజ్ఞ జీఎన్‌ఆర్‌హెచ్. దాన్ని గంటకో తడవ ఇస్తే ఎల్‌హెచ్ (అండాశయాలను, వృషణాలను నడిపే పిట్యూటరీ హార్మోను) వస్తుంది, ఆగకుండా పోస్తే పడిపోతుంది. 1978లో నోబిల్ బృందం కోతుల్లో చూపించిన సంగతి. నిండగానే ఒరిగి పడే కప్పు చేశా, అది సరిగ్గా పనిచేస్తోంది, 70 సెకన్లకు ఒకసారి. ఎడతెగకుండా పోసినప్పుడు మూసుకోవాల్సిన తేలే బిరడా మాత్రం పక్కకు ఒరిగి ఇరుక్కుంటోంది. థర్మోకోల్, కార్కు, బంతి మూడూ చూశా. బిరడాకు నిలువు పుల్ల పెట్టి ఇంకోసారి చేయాలి.

జూలై 20

ఆదివారం. చెల్లెలు చిత్తూరు నుంచి వచ్చింది. కాలేజీ తాళాలు తీసుకుని స్కిల్ ల్యాబ్‌కు తీసుకెళ్ళా. ఎక్స్‌రే ముక్కను దాని చేతికే ఇచ్చి సిరంజి మీద పెట్టమన్నా. పెట్టి, స్టూలు లాక్కుని కూర్చుంది. తెల్లధార మొదలయ్యాక ఇంకో మూడు నిమిషాలు మాట్లాడకుండా చూసి, అడక్కుండానే ముక్కను తీసేసింది. "ఇంకా కారుతానే ఉందేందక్కా" అంది. ఉండు అన్నా. ధార సన్నగిల్లడానికి, చుక్కలవ్వడానికి, నాలుగు చుక్కలకు చేరడానికి తొమ్మిది నిమిషాలు పట్టింది.

తర్వాత బ్యాగులోంచి ఒక పాత క్యాప్సూల్ షీటు తీసింది, ఖాళీది. ఇన్నాళ్ళూ ఎందుకు దాచుకుందో నేను అడగలేదు. కత్తెర అడిగి, వెనక మందు పేర్లున్న వైపు చూసుకుంటూ 'డాంపెరిడోన్' అన్న ముక్క వరకూ కత్తిరించి, ఎక్స్‌రే ఫిల్మ్ మీద సెల్లోటేపుతో అంటించింది.